రిసీవరు మీద పోగు

మోడెం కూత ఆగి కంప్యూటరుకు ఫోను లైను కలవగానే ఓబులేష్ కడపలోని చీరల కొట్టుకు డిజైను పంపిస్తాడు. జవాబొచ్చేదాకా లోపలి గదిలో ఫోనుకు కాపలా కాస్తాడు. భార్య చౌడేశ్వరి రిసీవరు ఎత్తడం వల్లే రోజూ లైను తెగుతోందని అతని అనుమానం. ఇవాళ రిసీవరు మీద మగ్గం పోగొకటి అడ్డంగా పరిచి, రెప్ప వేయకుండా కూర్చున్నాడు. పోగు కదల్లేదు. లైను మాత్రం తెగింది.

"నేను ముట్టనే లేదు. అంత అనుమానముంటే ఆ కంప్యూటర్నే అడుగు పో," అంది ఆమె గడప దగ్గర దారం కండెలు చుడుతూ.

లినక్స్‌లో, కంప్యూటరు చేసిన ప్రతి పనీ నమోదయ్యే లాగ్ ఫైలు తెరిచాడు. పది నిమిషాలుగా పనేమీ జరగలేదు గనక లైను వదిలేశానని ఉంది. అలా వదిలేయమని పోయిన నెల సెట్టింగుల్లో రాసిపెట్టింది తనే.

కళ్లు చిన్నవి చేసి చౌడేశ్వరి వైపు తిరిగాడు.

"దీన్ని అడగాలని నీకెట్ల తెలిసె?"