పోశక్క తీసుకున్న చీటీ

కరోనా తగ్గిన మరుసటి ఏడు, వానాకాలం. మహారాష్ట్రలో చంద్రపూర్ దగ్గర, మా బొగ్గుగని కాలనీ సమాజ్ మందిరంలో, అంటే అందరూ కూడుకునే హాల్లో, మా పదకొండు మంది ఆడవాళ్లకు కౌన్సెలర్ శిక్షణ ఇచ్చారు. కౌన్సెలర్ అంటే మందులిచ్చే మనిషి కాదు, ఎదుటివాళ్ల బాధ కూర్చుని వినే మనిషి. నేను నాలుగో తరగతితో బడి మానేసినదాన్ని. రాసుకోవడం అంతగా రాదు కాబట్టి అన్నీ గుర్తుపెట్టుకుంటాను. ఆ శిక్షణలో ప్రతి మాటా గుర్తుంది. అర్థమైందా అంటే మాత్రం ఇప్పటికీ చెప్పలేను.

మూడో రోజు శిక్షణ ఇచ్చే మేడం రోల్ ప్లే పెట్టింది. అంటే ఒకరు బాధలో ఉన్న మనిషిగా నటించాలి, ఇంకొకరు కౌన్సెలర్‌గా వినాలి. ఎవరేం నటించాలో చీటీల మీద మరాఠీలో రాసి ఉంది. తాగుబోతు మొగుడు, పరీక్ష తప్పిన పిల్ల, అన్నీ నవ్వుకుంటూ అయిపోయాయి. ఒక్క చీటీ మాత్రం విప్పినవాళ్లు విప్పినట్టే మడిచి పక్కవాళ్ల ఒళ్లో పడేస్తున్నారు. అందులో ఉన్నది, "గని ప్రమాదంలో భర్త పోయిన స్త్రీ." గనిని మేం బాయి అంటాం.

"ఉత్త నాటకమే కదా, ఎందుకు భయం?" అని మేడం మరాఠీలో అడిగింది.

రాజక్క కోపంతో తెలుగులోనే అనేసింది. "మా ఆయన ఫస్ట్ షిఫ్టుల ఉన్నడు. ఆయన బాయిల ఉండంగ నేనిక్కడ పోయిండని ఏడ్వాల్నా? ఆ మాట నోట్లకెల్లి ఎట్లొస్తది?"

మేడంకు తెలుగు రాదు. నేను విడమరిచి చెప్పబోయేలోగా గోడవారన కూర్చున్న పోశక్క చెయ్యి చాచింది. "ఇటియ్యుండ్రి. నాకింక పోయేదేమున్నది?"

ఆమె పెనిమిటి రెండేళ్ల కిందట బాయిలోనే పోయాడు. ఆ సంగతి మేడంకు తెలియదు. పోశక్క ఆనాడు ఏడవలేదని కాలనీలో చాలామంది ఆడిపోసుకున్నారు కూడా.

కౌన్సెలర్ వంతు నాది. నేర్పినట్టే అడిగాను. "ఏమైందో చెప్తవా అక్కా?"

ఆమె నవ్వుతూనే మొదలుపెట్టింది. "ఏమున్నది చెల్లె. పొద్దుగాల లడాయైంది. కూర బాగలేదన్నడు. బాగలేకుంటె తినకని డబ్బా గుంజుకున్న. ఒట్టి చేతులతోని పోయిండు." చీటీ మడిచింది. "అందరు బాయి మింగిందన్నరు. ఆకలితోని తోలింది నేను. ఏ మొఖం పెట్టుకోని ఏడ్వాలె?"

ఇది చీటీలో లేదు. నటనా, నిజమా? నటన అయితే తరువాతి ప్రశ్న వేయాలి. నిజమైతే ఇంతమంది ముందు వేయకూడదు. నేర్పిన ప్రశ్నలన్నీ గుర్తున్నాయి, ఏదీ దీనికి సరిపోయేది కాదు.

మేడం గడియారం చూసి, చాలా బాగుందని మరాఠీలో మెచ్చుకుంటూ చప్పట్లు కొట్టింది. "ఫార్ ఛాన్! టైమైంది, ఇక ఫీడ్‌బ్యాక్." అంటే ఎవరెలా చేశారో చెప్పుకోవడం.

పోశక్క లేవబోయింది. ఇప్పుడు లేచిందంటే ఆ మాట మళ్లీ బయటికి రాదనిపించింది. చెయ్యి పట్టుకున్నాను.

"టైం కాలేదు మేడం," అని, పోశక్క వైపు తిరిగాను. "డబ్బాల ఏం కూరుండె అక్కా?"

అది నాకెవరూ నేర్పని ప్రశ్న. ఎందుకడిగానో కూడా తెలియదు.

"బీరకాయ," అంది. అని ఏడ్చింది. మేడం చప్పట్లు కొట్టిన చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చుండిపోయింది.

మరునాడు పోశక్క ఇంటికి వెళ్లాను. "నిన్న చెప్పింది నా కాడనే ఉంటదక్కా," అన్నాను.

"నేనేం చెప్పిన? చీటీల ఉన్నదే గద!" అని నవ్వి, పీట వేసింది.

"అవునక్కా, చీటీల ఉన్నదే," అన్నాను. అది తప్పో ఒప్పో నాకు తెలియదు.

ఇప్పుడు కౌన్సెలర్‌గా ఎవరింటికి వెళ్లినా టైమైందని నేను అనను. ముందు వాళ్లు లేవాలి, తరువాతే నేను.