ఎడమ లైటు అద్దం

దయ్యాలను చూశామని చెప్పేవాళ్ళను మొహం మీదే తిట్టినవాణ్ణి నేను. ఐదో తరగతితో బడి మానేసినా, ప్రొద్దుటూరు గ్రంథాలయంలో కూర్చుని నాకు నేనే చదువుకున్నాను. తాయెత్తులు కట్టేవాళ్ళతో నడిబజారులో వాదం పెట్టుకున్నాను. ఇప్పటికీ నా అభిప్రాయం మారలేదు. అయినా ఇది రాయక తప్పడం లేదు. ఒక ముసలామెకు చెప్పాల్సిన మాట చెప్పలేకపోయాను.

నా దగ్గర ఒక పాత ఇంగ్లండు కారు ఉంది. జమ్మలమడుగు దగ్గర ఒక పెద్ద రైతు ఇంటిది. చిన్నప్పుడు అది గండికోట దారిలో దుమ్ము లేపుకుంటూ పోతుంటే వెంటపడి పరుగెత్తేవాళ్ళం. వాళ్ళ పశువుల కొట్టంలో గడ్డి కింద తుప్పు పడుతుంటే అడిగి తెచ్చుకున్నాను. ఇంజను నా చేతులతోనే విప్పి బాగుచేశాను. అన్నీ కుదిరాయి, ఎడమ లైటు అద్దం ఒక్కటి తప్ప.

కుడి అద్దం చెక్కు చెదరలేదు. మందపాటి గాజు, నిలువు గీతలు, మధ్యలో చిన్న బొడిపె. ఎదురొచ్చే బండివాళ్ళ కళ్ళలో వెలుతురు పడకుండా అప్పట్లో లైటు పైసగానికి నల్లరంగు పూసేవాళ్ళు. ఆ రంగు కూడా అట్లే ఉంది. పూసినవాడి చెయ్యి తిన్నగా లేదేమో, అంచు ఒక పక్కకు వాలింది.

దాని జత కోసం మద్రాసు, బెంగళూరు, హైదరాబాదు పాత సామాన్ల అంగళ్ళన్నీ తిరిగాను. ప్రతివాడూ ఇంకో కారు అద్దం చూపించి "ఇదీ అదే" అనేవాడు. అదే అయితే గీతలేవి? ఒకడు ప్లాస్టిక్‌ది చేతిలో పెట్టి, ఫోటోలు తీసుకునేవాళ్ళకు ఏం తెలుస్తుందన్నాడు. ఒళ్ళు మండిపోయి అక్కడే దాన్ని బల్ల మీదికి విసిరేసి వచ్చాను.

చివరకు ఆ రైతు దగ్గర డ్రైవరుగా ఆ కారు నడిపిన ఓబులేసుది పులివెందుల పక్క పల్లె అని తెలిసింది. పోయాను. ఆయన చనిపోయి చాలా ఏండ్లయింది. భార్య నారాయణమ్మ నన్ను వాళ్ళ చీనీ తోటలోకి, అదే బత్తాయి తోటలోకి, తీసుకుపోయింది. మా వైపు సొంత చేలోనే సమాధి కట్టి, సందెవేళ దాని గూట్లో దీపం పెట్టే ఇళ్ళు కొన్ని ఉన్నాయి. ఓబులేసు గూటికి రేకు చట్రం బిగించి, గాలికి దీపం ఆరకుండా తలుపులాగా ఒక అద్దం పెట్టారు. నిలువు గీతలు. మధ్యలో బొడిపె. పైసగం నల్లరంగు, అదే వాలు. కారు మూలపడిన రోజు ఓబులేసే దాన్ని గుర్తుగా విప్పి తెచ్చుకున్నాడట.

అడగడానికి నాకు నోరు రాలేదు. ఆమే అంది.

"తీసకపో అప్పా. ఆ మనిషికి నాకన్నా ఆ కారే శానా ఎక్కువ. దానికి ఒక కన్ను లేకుంటే ఆయనకు నిద్ర యాడ పడుతుంది?"

"మరి దీపమక్కా?"

"ఇంకో అద్దం పెట్టియ్యి. కారు బాగైనంక ఒకసారి ఈడికి తోలుకురా. ఎక్కను గానీ, చూస్తా."

ప్రొద్దుటూరులో గుండ్రంగా అద్దం కోయించి తీసుకుపోయి, నేనే గూటికి బిగించాను. పాతది తెచ్చి, మా ఇంటి షెడ్డులో ఉన్న కారుకు పెట్టాను. ఆ సందెవేళ మా ఆడమనిషి షెడ్డులోకి తొంగిచూసి అరిచింది.

"దేవుని గూట్లో దీపం పెట్టమంటే పెట్టవు. కారుకు పెడతాండావా?"

పోయి చూశాను. ఎడమ లైటులో పసుపుపచ్చటి చిన్న వెలుగు. కారుకు అప్పటికి బ్యాటరీ లేదు. ఆ లైటుకు వైరు లాగలేదు, బల్బు పెట్టలేదు. బయటి వెలుతురు పడుతోందేమోనని తలుపు మూసి, కిటికీకి గోనెసంచి కట్టాను. పోలేదు. చెయ్యి ఆనిస్తే గాజు గోరువెచ్చగా ఉంది. ఆముదం వాసన వచ్చింది. తెల్లవారి విప్పితే లోపలంతా మసి. గుడ్డతో తుడిచి మళ్ళీ బిగించాను. మరుసటి సందెకు మళ్ళీ అదే వెలుగు, తెల్లారితే అదే మసి.

అట్లా ఉండగా ఒక సాయంత్రం నారాయణమ్మ కోడలి ఫోన్లోంచి మాట్లాడింది.

"అప్పా, దీపం నిలబడ్లేదు. ఆకు కూడా కదల్లేదు, ఎన్నిసార్లు ముట్టించినా కొండెక్కుతాంది. అద్దం ఇచ్చినానని ఆయనకు నా మీద కోపమొచ్చినట్టుంది."

అప్పుడు నేను కారు ముందే నిలబడి ఉన్నాను. లైటులో వెలుగు ఉంది. మాట నోటిదాకా వచ్చింది. కానీ జీవితమంతా ఏ మాటలను ఎగతాళి చేశానో అవే నా నోట రావడమా అనిపించింది.

"సందులుంటాయిలే అక్కా. చుట్టూ మైనం పెట్టించు" అన్నాను.

"సరేలే అప్పా" అంది. మళ్ళీ ఫోను చెయ్యలేదు.

నేను కారణం వెతకడంలో పడ్డాను. లైటు గిన్నె విప్పాను, షెడ్డు రేకులు తడిమాను, ఎక్కడా ఏమీ దొరకలేదు. కొన్నాళ్ళకు ఒక సందెవేళ వెలుగు రాలేదు. పీడ వదిలిందనుకున్నాను. పొద్దున్నే ఆ కోడలు ఫోను చేసింది. అత్త ముందురోజు సందెవేళ దీపం పెట్టబోయి సమాధి దగ్గరే కూలబడి ప్రాణం విడిచిందట. "కోపం తీరలేదు, కోపం తీరలేదు అని కడదాకా అదే ఏడుపు మామా" అంది.

బ్యాటరీ వేయించి, కారు పులివెందులకు తోలుకుపోయాను. నేను బాగుచేశాక రెండు అద్దాలతో అది తిరిగిన దారి అదొక్కటే. చీనీ తోటలో ఇప్పుడు రెండు సమాధులు. నేను కోయించిన అద్దం తీసేసి, ఎడమ లైటుది విప్పి ఓబులేసు గూటికి బిగించాను. కోడలు దీపం ముట్టించింది. నిలబడింది.

మసి అంటిన గుడ్డ ఇంకా నా దగ్గరే ఉంది. అది ఎక్కడి మసో నేను చెప్పలేను. మా ఆడమనిషి చూడకపోయి ఉంటే నా కళ్ళనే నమ్మేవాణ్ణి కాను. కారు ఇప్పుడు ఒక కంటితోనే ఉంది. ఇంకో అద్దం కోసం నేను తిరగడం లేదు.

ఆ రోజు దీపం ముట్టించి కోడలు ఇంటికి పోయేదాకా ఆగి, కొత్త సమాధి దగ్గర కూర్చున్నాను. రాళ్ళతో మాట్లాడేవాళ్ళను చూసి ఇన్నేండ్లు నవ్వినవాణ్ణి.

"ఆయనకు కోపం లేదక్కా" అన్నాను. "దీపం ఆరలేదు. మా ఇంట్లో వెలిగింది."