నాలుగు వేళ్ల అచ్చు

దయ్యాల మాట ఎవరైనా ఎత్తితే లేచి వెళ్లిపోయే రకం నేను. ఇప్పటికీ వాటిని నమ్మను. అయినా ఇది రాస్తున్నానంటే, ఆ రెండు కాగితాలూ ఇంకా నా పెట్టెలోనే ఉన్నాయి గనకే.

పంతొమ్మిదివందల యాభైల్లో నా పని పాత గుళ్లలో శాసనాల అచ్చులు తీయించడం. రాయి కడిగి, తడి కాగితం అంటించి, బ్రష్షుతో బాది, పైన మసి అద్దితే చెక్కిన అక్షరాలు తెల్లగా, మిగతా రాయి నల్లగా వస్తాయి. బాదడంలో కర్నూలు మద్దిలేటన్నను మించినవాడు లేడు. ఆయన కుడిచేతి ఉంగరపు వేలు చిన్నప్పుడు విరిగి వంకరగా అతుక్కుంది. అయినా ఆ చేతి మీదే ఇల్లు గడిచేది.

ఇది జరిగిన గుడి నల్లమల అడవిలో, ఆత్మకూరు నుంచి రెండు రోజుల నడక. చుట్టూ కోటగోడ, బురుజులు. దేవుడికి కోట ఎందుకు, ఎవరికి భయపడ్డాడని నేను వెటకారమాడాను. ఆ గోడ ఏ రాజు కట్టించాడో చెప్పే శాసనం కోసమే వెళ్లాం. వెళ్లిన రోజు నుంచీ గోడ మమ్మల్ని తరమాలనే చూసింది. గాలి లేకుండానే కాగితాలు ఊడిపడేవి.

మూడో రోజు మధ్యాహ్నం తీసిన అచ్చులో, అక్షరాల కింద ఒక కుడి అరచేయి తెల్లగా పడింది. నాలుగే వేళ్లు. ఉంగరపు వేలు లేదు. రాయిని తడిమి చూశాను. అక్కడ నున్నగా ఉంది, గీత కూడా లేదు.

మద్దిలేటన్న తన చెయ్యి చూసుకున్నాడు. “ఈ గోడకు మనం గిట్టలేదప్పా. ఈడ ఉండొద్దు. పోదాం పా.”

“ఇంక రెండు వరుసలే కదన్నా,” అన్నాను. వట్టి చేతులతో వెళ్తే ఆఫీసులో తిడతారని నా బాధ. కాగితం నువ్వే సరిగ్గా అంటించలేదని గదమాయించాను కూడా. ఆయన మళ్లీ రాయి కడగసాగాడు.

అంతలో గోడ పైనుంచి తలకాయంత రాయి ఆయన మీద పడింది. ఒంటిమీద ఇంకెక్కడా తగల్లేదు. ఆ వంకర ఉంగరపు వేలొక్కటే నుజ్జయింది. ఆత్మకూరులో డాక్టరు దాన్ని తీసేశాడు. ఆ తర్వాత అన్న చేతిలో బ్రష్షు నిలవలేదు.

నెల తర్వాత కోపం ఆపుకోలేక ఒక్కణ్ణే వెళ్లాను. అదే రాయికి కాగితం అంటించి నా చేత్తోనే బాదాను.

అదే అరచేయి పడింది. ఈసారి అయిదు వేళ్లూ ఉన్నాయి.

అన్న బతికినన్నాళ్లూ ఆ కాగితం ఆయనకు చూపించే ధైర్యం చేయలేదు. అందులో ఉంగరపు వేలు వంకరగా ఉంది.