మల్లెతోట మందు, మా హేమ ఊపిరి

మా అమ్మాయి హేమ నెలల పిల్లగా ఉన్నప్పటి మాట. ఒక రోజు పాలు పట్టబోతే రెండు గుక్కలు తాగి వదిలేసి ఎగశ్వాస పెట్టింది. ఊపిరి తీసుకున్నప్పుడల్లా పక్కటెముకల మధ్య చర్మం లోపలికి పోతోంది. గొంతులో పిల్లికూతలు.

"జలుబులే, తులసి రసం పోస్తే పోతాది" అన్నది మా అత్త. పోలేదు. తమిళనాడు సరిహద్దులోని మా అత్తిమంజేరిపేట నుంచి తిరుత్తణి ఆసుపత్రికి ఆటోలో పరుగెత్తాం.

నెబ్యులైజర్ పెట్టగానే తేలికపడింది. నెల తిరక్కుండానే మళ్ళీ మొదలు. యాంటీబయాటిక్స్, సిరప్‌లు, చెస్ట్ ఎక్స్‌రే. చివరికి ఆసుపత్రి వాచ్‌మన్ కూడా "మళ్ళీ వచ్చినారా అక్కా" అని పలకరించేంత చనువైపోయాం.

ఆ ఆసుపత్రి డాక్టర్లే తిరువళ్లూరులో పిల్లల డాక్టరమ్మ దగ్గరికి పంపారు. ఇంట్లో సిగరెట్ పొగ ఉందా, కట్టెల పొయ్యి ఉందా అని ఆమె తమిళంలో అడిగింది. రెండూ లేవన్నాను.

"కడుపుతో ఉన్నప్పుడు ఏం పని చేసేదానివి?"

మల్లెతోట పని అన్నాను. సాయంత్రం మా ఆయన తోటకు పురుగుమందు కొడితే తెల్లారుజామున నేను మొగ్గలు కోసేదాన్ని. మా వైపు కొంగుతో నడుముకు ఒడి కట్టుకుని అందులోనే కోసి వేసుకుంటాం. మందు వాసన కొట్టే ఆ తడి మొగ్గలు నెలలు నిండేదాకా నా పొట్టమీదే ఉండేవి.

"గ్రహణం రోజు ఈమెను బయటికి పంపారా?" అని డాక్టరమ్మ మా అత్తను అడిగింది.

"ఎట్ల పంపిస్తామమ్మా? లోపల పెట్టి తలుపేసినాము. కత్తి గూడా ముట్టనీలేదు."

"మందు కొట్టిన రోజు కూడా అలాగే చేసి ఉండాల్సింది" అంది డాక్టరమ్మ. "ఈ పిల్లకు అదే కారణమని నేను కచ్చితంగా చెప్పలేను. కడుపులో ఉండగా ఈ మందుల ప్రభావం పడితే కొందరు పిల్లలకు ఇలా వీజింగ్, అంటే ఈ పిల్లికూతలు రావచ్చు. ఇప్పుడు చేయాల్సింది చేద్దాం."

 ఇంటికి వచ్చే దారి పొడుగునా నాకు ఒళ్ళు మండిపోయింది. గ్రహణం నీడకు భయపడి నన్ను గదిలో పెట్టినవాళ్ళు, ఆ మందు డబ్బాను మాత్రం ఇంట్లోనే పెట్టుకున్నారు.

హేమకు రోజూ స్పేసర్ అనే గొట్టం పెట్టి ఇన్‌హేలర్ ఇచ్చేవాళ్ళం. అలవాటైతే జన్మలో వదలదని చుట్టాలందరూ చెప్పారు. పిల్ల కోలుకుంది. "బాగుండాది కదా, ఇంకెందుకు?" అని మా ఆయన ఆపించాడు. ఆ వానాకాలంలోనే ఆక్సిజన్ పెట్టాల్సి వచ్చింది. "వాడుతున్నారు కాబట్టే బాగుంది. నేను ఆపమన్నానా?" అని డాక్టరమ్మ చీవాట్లు పెట్టింది.  ఆ తర్వాత రోజూ ఇన్‌హేలర్ గుర్తు చేసేది మా ఆయనే.

మా మరిది భార్య కడుపుతో ఉన్నప్పుడు అసలు మార్పు చూశాను. తోటలో మందు కొట్టిన రోజు మా అత్త గుమ్మానికి అడ్డంగా కూర్చుంది.

"ఈ పొద్దు నీకు గ్రహణమే. లోపలుండు."

"మొగ్గలు విచ్చిపోతాయత్తా."

"పోనీ."

మందు కొట్టాక ఎంతసేపు తోటలోకి వెళ్ళకూడదో డబ్బా మీద రాసిన గడువు తీరేదాకా ఆ పిల్లను తోట వైపు చూడనివ్వలేదు. మందు కొట్టి వచ్చిన మగవాళ్ళు బోరు దగ్గరే స్నానం చేసి, బట్టలు విడిగా వేస్తేనే ఇంట్లోకి రానిచ్చింది. డబ్బా కూడా ఇల్లు దాటి మోటారు గదికి వెళ్ళింది.

ఇప్పుడు హేమ హైస్కూలు కబడ్డీ జట్టులో ఉంది. ఊపిరి సమస్య ఉందని పీటీ సార్ వెనకాడితే డాక్టరమ్మ స్పైరోమెట్రీ అనే ఊపిరి పరీక్ష చేసి, "ఇన్‌హేలర్ దగ్గర పెట్టుకుని ఆడనివ్వండి" అంది. మొన్న తిరువళ్లూరులో పోటీ జరిగింది. హేమ కూతకు వెళ్ళింది. కబడ్డీ కబడ్డీ అంటూనే ఇద్దరిని తాకి, కాలు పట్టుకున్న మూడో పిల్లను ఈడ్చుకుంటూ గీత దాటింది. కూత తెగలేదు. అంతసేపూ ఊపిరి తీసుకోనిది నేనే. నా జన్మలో అంత సంతోషం ఎరగను.

మీతో ఒక్క మాట. మీ ఇంట్లో కడుపుతో ఉన్న మనిషి ఉంటే, మందు కొట్టిన తోటలోకి పంపకండి. వెళ్తావా అని ఆమెను అడగకండి. కొత్త కోడలు వెళ్ళనని ఎలా చెప్పగలదు? వద్దనాల్సింది ఇంట్లో పెద్దవాళ్ళే.