ఏరి తీసుకెళ్లిన సీసాలు

మా మావయ్యకు పరువు పిచ్చి. చిరిగిన బనీను మీద ఇస్త్రీ చొక్కా వేసే రకం. పళ్లరసం కంపెనీలో ఆయన మెకానిక్కు. అక్కడే అత్తయ్య, మూతలు బిగించే మిషన్ ముందు కూర్చుని సీసాలు అందించేది. నేను పెట్టెలు మోసేవాణ్ణి.

పాత మిషన్ మూలన పడ్డాక యజమాని మావయ్యను పిలిచి, కొత్తది నువ్వే చూసి తేల్చు అన్నాడు. ఇంక ఆయన కాళ్లు నేల మీద నిలవలేదు.

"నా మీద ఎంత నమ్మకమే ఆయనకి!" అన్నాడు అత్తయ్యతో.

"ఉంటుందిలెండి. ఆ కొత్త మిషన్ ముందు కూర్చునేది మాత్రం నేనండోయ్. అది గుర్తుంచుకోండి."

అమ్మేవాళ్ల షెడ్డుకు మన సీసాలు పట్టుకెళ్లి మిషన్ నడిపించి చూడాలి. మా సీసాలేమో దుకాణాల నుంచి తిరిగొస్తే కడిగి మళ్లీ నింపేవి. ఒకటి పొట్టి, ఒకటి పొడుగు, కొన్నిటికి మూతి దగ్గర పెచ్చులూడి ఉండేవి. వాటిని పరాయివాళ్ల ముందు పెట్టడానికి ఆయనకు మనసొప్పలేదు. గోడౌన్‌లో కూర్చుని ఒకే ఎత్తువి, మెరిసేవి ఏరి, గుడ్డతో తుడిచి మరీ తీసుకెళ్లాడు.

అక్కడ రెండు మిషన్లు చూపించారు. ఒకటి సీసా ఎత్తును బట్టి సర్దుకుంటూ నిదానంగా బిగిస్తుంది. రెండోది అన్నిటినీ ఒకే ఎత్తున దడదడా నొక్కేస్తుంది. ఏరిన సీసాలు కదా, ఎందులోనూ ఒక్కటీ పగల్లేదు. వేగంగా నడిచేదాన్నే ఖాయం చేశాడు. "మీ సీసాలు భలే ఉన్నాయండీ," అని అమ్మేవాడు అంటే మురిసిపోయాడు కూడా. తలుచుకుంటే ఇప్పటికీ నాకు ఒళ్లు మండుతుంది.

మిషన్ వచ్చిన వారంలోనే ఒక పొడుగు సీసా దాని కింద నలిగి పేలింది. గాజుపెంకు అత్తయ్య కుడికంట్లో దిగింది. డాక్టర్లు ఆ కన్ను తీసేశారు.

ఆస్పత్రిలో మంచం పక్కన కూర్చుని మావయ్య సీసాలు ఏరిన సంగతంతా కక్కేశాడు. తిట్టు అత్తయ్యా, తిట్టు, అనుకున్నాను పక్కనే నిలబడి.

"ఇంకెవరితోనైనా అన్నారా?" అందావిడ.

"లేదు."

"అనకండి. అమ్మినవాళ్లే మోసం చేశారని చెప్పండి. మీ ఉద్యోగం కూడా ఊడితే ఏం తిని బతుకుతాం?"

"మరి ఇంకొకరు అక్కడ కూర్చుంటే..."

"ఆ మాట ఎత్తకండి."

మర్నాడు మావయ్య డ్యూటీకి వచ్చాడు. అత్తయ్య చోట కొత్తమ్మాయి కూర్చుని ఉంది.

"కాస్త వెనక్కి జరుగమ్మా," అన్నాడు.

"ఎందుకు బాబాయ్? జరిగితే చెయ్యి అందదు."

మావయ్య నా వైపు చూశాడు. నేను పెట్టె ఎత్తుకున్నాను. ఆయన మిషన్ ఆన్ చేశాడు.