ఇందల్వాయి బస్సుకు తెల్లగుడ్డ

ఆ రోజుల్లో ఆర్మూర్ బస్టాండ్‌లో బస్సెక్కడమంటే ముందుగా నలుగురిని అడగడం. బస్సు ముందు రేకు బోర్డు ఉండేది, కానీ దాన్ని నమ్మేవాళ్లు తక్కువ. పొద్దున నిజామాబాద్ వెళ్లొచ్చిన బస్సు మధ్యాహ్నం మెట్‌పల్లికి బయలుదేరేటప్పుడు, కండక్టర్‌కు గుర్తొస్తే బోర్డు తిరిగేది, లేకపోతే లేదు. చదువు వచ్చినవాళ్లు బోర్డు చదివి, తర్వాత కండక్టర్‌ను అడిగేవాళ్లు. చదువు రానివాళ్లు నేరుగా కండక్టర్‌నే అడిగేవాళ్లు. చదువు వల్ల ఒక నిమిషం ఆలస్యమయ్యేది, అంతే. ఈ పద్ధతితో ఎవరికీ ఇబ్బంది లేదు. నాకు ఉండేది. అప్పుడు నాకు ఇరవై రెండేళ్లు, డిగ్రీ అయిపోయింది, ఉద్యోగం లేదు, గ్రంథాలయంలో పొద్దంతా కూర్చుని లోకంలో ఏవేవి సరిగ్గా లేవో చదువుకునేవాణ్ని.

మా మేనత్త వేల్పూర్‌లో ఉండేది. బీడీలు చుట్టేది. మామ దుబాయిలో పనిచేసేవాడు. ప్రతి శనివారం ఆమె మా ఇంటికి వచ్చి, మామ ఉత్తరం నాతో చదివించుకుని, జవాబు రాయించుకుని పోయేది. ఉత్తరం రాని వారం పాతదే మళ్లీ చదివించుకునేది. (ఆమె చెప్పని మాటలు నాలుగు నేను సొంతంగా కలిపేవాణ్ని. ఒకసారి ‘మీ ఎడబాటు దుర్భరముగానున్నది’ అని రాస్తే, మామ భయపడి, అత్తకు ఏం జబ్బు చేసిందో దాచకుండా చెప్పమని రాశాడు. ఆ తర్వాత తగ్గించుకున్నాను.) ఒక శనివారం ఆమెతో బస్టాండ్ దాకా వెళ్లాను. నేను పక్కనున్నా, అలవాటు కొద్దీ వేల్పూర్ బస్సు ఏదని ఆమె ఒక కుర్రవాణ్ని అడిగింది. వాడు పేపర్‌లోంచి తల ఎత్తకుండా, “బోర్డు కనవడ్తలేదా?” అన్నాడు. “కండ్లు మసకగున్నయి బిడ్డా” అంది అత్త. బీడీ చుట్టే తునికాకు మీద సూదిమొనంత చిల్లున్నా పక్కన పడేసే కళ్లు అవి. నేను ఆమెను బస్సెక్కించాను, అంతే. ఇంటికొచ్చాక మాత్రం వాడితో అనవలసిన మాటలు చాలా తోచాయి.

సరిగ్గా ఆ వారమే ఒక పత్రికలో చదివాను. ఎక్కడో పెద్ద నగరంలో భూమి కింద రైళ్లు నడుస్తాయట, ఒక్కో దారికి ఒక్కో రంగు పేరట, ఆ దేశం భాష రానివాడు కూడా రంగు చూసుకుని ఎవరినీ అడగకుండా పోతాడట. ఆ పేజీ కాపీ చేసుకుని బస్టాండ్ కంట్రోలర్ సాబ్ దగ్గరికి పోయాను. ఆయన మా నాయనకు స్నేహితుడు కాబట్టి పూర్తిగా విన్నాడు. వేల్పూర్‌కు పసుపు, నిజామాబాద్‌కు ఎరుపు, మెట్‌పల్లికి ఆకుపచ్చ, ఇందల్వాయికి తెలుపు. బస్సు ముందు అద్దం పైన ఆ రంగు గుడ్డ, అది ఆగే చోట స్తంభానికి ఆ రంగు రేకు బిళ్ల. చదువుతో పనిలేదు. అంతా విని సాబ్ చాయ తెప్పించాడు. “పదిహేను దినాలు చూస్త. ఒక్క ఫిర్యాదు వచ్చిందనుకో, నీ రంగులన్నీ నీతోనే గీకిపిస్త” అన్నాడు.

రంగులు పంచడం అనుకున్నంత తేలిక కాలేదు. ఇందల్వాయి బస్సు కండక్టర్‌ను అందరూ పొడుగన్న అనేవాళ్లు. ఆయన గుడ్డను రెండు వేళ్లతో పట్టుకుని, “మా బండికి తెల్లగుడ్డ ఏంది? మేమేమన్న సచ్చినోల్లమా?” అన్నాడు. తెలుపు శాంతికి గుర్తని చెప్పాను. “గా శాంతి వేల్పూర్‌కే ఇయ్యరాదు?” అన్నాడు. చివరికి సాబ్ మాట మీద కట్టించుకున్నాడు గానీ, ఎవరైనా తప్పెక్కితే చాలు, చెయ్యి పట్టుకుని సాబ్ ముందర నిలబెడతానని బస్టాండంతా వినేటట్టు చెప్పాడు. నాకు ‘రంగుల సారు’ అని పేరు పెట్టిందీ ఆయనే.

అత్తకు నేను దగ్గర కూర్చోబెట్టి నేర్పించాను. “పసుపు గుడ్డ ఉంటే మీ ఊరి బస్సు. ఎవ్వరినీ అడగకు.” “ఎవ్వర్నీ?” “ఎవ్వర్నీ.” ఆమె సంతోషం దాచుకోవడం తెలియని మనిషి. మొదటి శనివారం జవాబు రాయించుకోగానే చెప్పులేసుకుంది. తోడు వస్తానంటే వద్దంది. “నువ్వొస్తే నీ బోర్డు ఎందుకు అల్లుడా?” అంది. నాకది పదవీ స్వీకారంలా అనిపించింది.

ఆ రెండు వారాలూ నేను బస్టాండ్ బల్ల మీద కూర్చుని జనాన్ని గమనించాను. జనం అడగడం మానలేదు. ఇదివరకు “గిది వేల్పూర్ పోతదా?” అని అడిగేవాళ్లు, ఇప్పుడు “గిది పసుపుదేనా?” అని అడిగి, అవునన్న తర్వాత “అంటే వేల్పూరే గదా?” అని మళ్లీ అడిగేవాళ్లు. ఒక ప్రశ్న రెండయింది. అయినా నాకు నిరాశ కలగలేదు. కొత్త పద్ధతి అలవాటు కావడానికి సమయం పడుతుందని ఆ పత్రికలోనూ ఉంది.

రెండో శనివారం అత్త వచ్చినప్పుడు, ఉత్తరం మధ్యలో ఆపి, “ఇందల్వాయికి తెల్లది వద్దు అల్లుడా, నీలం పెట్టరాదు? తెల్లది జల్ది మాస్తది” అంది. ఆమె మాటల్లో ఇందల్వాయి రావడం నేను అదివరకు వినలేదు. అప్పుడైనా ఎందుకని అడగాల్సింది. అడగకుండా, రంగుల ఎంపిక ఒక శాస్త్రమని, తెలుపు దూరానికి కనబడుతుందని ఆమెకు చాలాసేపు చెప్పాను. “గట్లనా” అని, మళ్లీ ఉత్తరం చదవమంది.

మర్నాడు పొద్దున బస్టాండ్‌లో, అన్నాళ్లూ జనాన్నే చూసిన నేను గుడ్డల వైపు చూస్తే ఇందల్వాయి బస్సుకు పసుపు గుడ్డ ఉంది. స్తంభానికి ఉన్న తెల్ల బిళ్ల కూడా పసుపే. ముందు పొడుగన్న పని అనుకున్నాను. దగ్గరికి వెళ్లి వేలితో రుద్దితే వేలికి అంటింది. అది పసుపు సీజన్. దారి పొడుగునా ఊళ్లనుంచి పసుపు బస్తాలు బస్సుల మీదే మార్కెట్‌కు వచ్చేవి. బస్తా దించినప్పుడల్లా పొడి రాలేది. ఆపైన మార్కెట్‌లోంచి లేచే దుమ్ము. ఆ మూడు నెలలు మా ఊళ్లో తెలుపనే రంగు ఉండదు. నేను పుట్టినప్పటినుంచీ పచ్చబడిన బనీన్లే తొడుక్కున్నాను. ఆ పొద్దున కూడా అలాంటి బనీనే తొడుక్కుని ఉన్నాను. ఎక్కడో భూమి కింద నడిచే రైళ్ల గురించి చదివిన నాకు, నా ఒంటిమీది బనీను గుర్తు రాలేదు.

పొడుగన్న కళ్లు కప్పి ఆ మధ్యాహ్నమే గుడ్డ మార్చాను, బిళ్లకు నీలం రంగు వేశాను. పదిహేనో రోజు సాబ్ ఫిర్యాదుల పుస్తకం తెరిచి చూపించాడు. ఖాళీగా ఉంది. “నడవనియ్” అన్నాడు. మూడో శనివారం అత్తకు నా విజయం చెప్పాను. పసుపు పొడి వల్ల ఎంత ప్రమాదం జరగబోయిందో, దాన్ని నేను ఎట్లా కనిపెట్టానో, నీలమైతే మంచిదని నాకు ఎట్లా తోచిందో వివరించాను. ఆమె శ్రద్ధగా విని, “మంచిగ కనిపెట్టినవ్ బిడ్డా” అంది.

ఆ గుడ్డలు కొన్నేళ్లు నడిచి, ఒక్కొక్కటిగా చిరిగి, ఎవరూ మళ్లీ కట్టకుండా పోయాయి. నాకు ఉద్యోగం వచ్చి నగరానికి వచ్చేశాను. అత్త పోయిన ఏడు పోయింది. పదో రోజున వచ్చినవాళ్లలో కర్ర పట్టుకున్న ఒక పొడుగాటి ముసలాయన ఉన్నాడు. భోజనాలయ్యాక నా పక్కన కూర్చుని, “రంగుల సారూ, గుర్తు పట్టలే?” అన్నాడు. అత్త నీకెట్లా తెలుసని అడిగాను.

“నీ రంగులు పీకేయించాలని చూస్తున్న దినాలవి. మొదటి శనివారమే దొరికింది మీ అత్త. టికెట్ యాడికమ్మా అంటే వేల్పూర్ అన్నది. గిది ఇందల్వాయి బండి అన్న. అద్దం మీది గుడ్డ చూపిచ్చి, పసుపుదే గదా అన్నది. దిగు, సాబ్ దగ్గరికి పోదాం అన్న. అప్పుడు అడిగింది, నేను దిగితే గా పిలగాని బోర్డులు తీసేస్తరా అని. తీసేస్తరు అన్న. అయితే ఇందల్వాయికే టికెట్ కొట్టు, నాకక్కడ పని పడ్డది అన్నది.”

“ఏం పని?” అన్నాను.

“చాయ తాగింది. నాకు గూడ తాగిపిచ్చింది. ఎవ్వరికి చెప్పనని నాతోని ఒట్టు వెట్టించుకున్నది. మల్ల అదే బండిల ఆర్మూర్ వచ్చింది. ఇందల్వాయి మంచిగనే ఉన్నదన్నా, ఎన్నడు చూడలే అన్నది.” ఆయన కర్ర అందుకుని, “ఒట్టు ఆమెకు వెట్టిన. ఆమె పోయింది గదా, ఇగ చెప్పొచ్చు అనుకున్న” అన్నాడు.

ఆ రాత్రి లెక్క తేలింది. నా బోర్డులను నమ్మనివాళ్లంతా అడిగి ఎక్కారు కాబట్టి ఎవరూ దారి తప్పలేదు. నమ్మిన మనిషి ఒక్కతే. ఆమె తప్పింది, తప్పి కూడా ఫిర్యాదు పుస్తకం ఖాళీగా ఉంచింది. ఇరవై రెండేళ్ల ఆ రంగుల సారు మీద నాకు కోపం రాలేదు. బనీను ఒకసారి చూసుకుని ఉంటే బాగుండేదనిపించింది.

ఇప్పుడు మా నగరంలో మెట్రో ఉంది. దారికో రంగు, నేల మీద గీతలు, ప్రతి స్తంభానికీ బాణం గుర్తు. అన్నీ బాగున్నాయి. నేను బోర్డు చదువుతాను, రంగు చూస్తాను, ఆ తర్వాత పక్కనున్నవాళ్లను ఇది ఎటు పోతుందని అడుగుతాను. “బోర్డు ఉంది కదా అంకుల్” అంటారు పిల్లలు. కళ్లు మసకగా ఉన్నాయని చెబుతాను. ఆ బోర్డు ఏ కుర్రవాడు రాశాడో, అతని మీద మాట రాకుండా చూడటానికి నాకు తెలిసిన తేలికైన దారి ఇదొక్కటే. రెండోది మా అత్త దారి. అంత దూరం పోవడం నావల్ల కాదు.