నారాయణగూడలో పిల్లి వనవాసం

ఇది ఒక మహేతిహాసం. ఇందులో సింహాసనం ఉంది, రాజద్రోహ నేరం ఉంది, వనవాసం ఉంది, శత్రుసేనల దండయాత్ర ఉంది, చివర్లో పట్టాభిషేకం కూడా ఉంది. మనసు దిటవు చేసుకుని చదవండి అని మొదలుపెడదామనుకున్నాను. కానీ సింహాసనం అంటే బియ్యం బస్తా. చక్రవర్తి అంటే ఒక నల్లపిల్లి. వనవాసం జరిగింది నారాయణగూడలో; మేముండే అశోక్‌నగర్ నుంచి ఆటోలో కాసేపు, సిగ్నల్ పడితే ఇంకాసేపు. కాబట్టి మనసు ఎలా ఉంటే అలాగే చదవొచ్చు.

మా బిల్డింగ్‌లో పై అంతస్తులన్నీ ఉద్యోగ పరీక్షలకు చదివేవాళ్ల గదులు. కింద ఒక కిరాణా కొట్టు. నడిపేది పాలమూరు వైపు నుంచి వచ్చిన ఒక అక్క. మా మెట్లు సరిగ్గా కొట్టు పక్కన దిగుతాయి. చిక్కడపల్లి లైబ్రరీకి పోవాలన్నా, టీకి పోవాలన్నా, పరీక్షకు పోవాలన్నా మేమంతా ఆ కొట్టు ముందు నుంచే వెళ్లేవాళ్లం.

పిల్లి రాకముందు అక్క ఎలుకల కోసం బోను పెట్టింది. అందులో ఎలుకలు కొబ్బరిముక్క తిని వెళ్లిపోయేవి. జిగురు అట్ట పెట్టింది. దానికి ఆమె చెప్పు అతుక్కుంది. ఆఖరికి ఒక వానరోజు ఈ పిల్లి తనంతట తానే వచ్చి, బస్తా ఎక్కి, ముడుచుకుని పడుకుంది. ఎలుకలు మాయం. మా బిల్డింగ్ మొత్తంలో నోటిఫికేషన్ లేకుండా, రాతపరీక్ష లేకుండా పర్మనెంట్ ఉద్యోగం సంపాదించిన ప్రాణి అదొక్కటే. పైనున్న మాకు దానిమీద కొంచెం కడుపుమంట ఉండేదేమో, నేను కాదనను.

ఈ చుట్టుపక్కల కొట్లలో పిల్లులకు కొదవలేదు. లైబ్రరీ దారిలో జిరాక్స్ షాపు పిల్లి వెచ్చగా ఉంటుందని మెషిన్ మీదే పడుకుంటుంది. జిరాక్స్ కావాలంటే దాని నిద్ర అయ్యేదాకా ఆగాలి. మందుల షాపు పిల్లి ఎవరు తుమ్మినా లేచి చూస్తుంది. మా పిల్లికి ఇలాంటి ప్రత్యేకతలేవీ లేవు. పడుకునేది. దూపైతే లేచి, గుమ్మానికి అటువైపున్న గిన్నెలో నీళ్లు తాగి, మళ్లీ పడుకునేది. మొత్తం గొడవంతా ఆ నీళ్ల దగ్గరే వచ్చింది.

మా రూమ్మేట్ జగిత్యాల వైపువాడు. పరీక్ష రోజు పొద్దున పెన్నులు, హాల్‌టికెట్, దేవుడి బొట్టు అన్నీ సరిచూసుకుని మెట్లు దిగాడు. అదే క్షణంలో పిల్లి బస్తా దిగి, అతని ముందు నుంచి నీళ్ల గిన్నె వైపు నడిచింది. పిల్లి ఎదురొస్తే ఏం చేయాలో మనందరికీ ఇంట్లో నేర్పిందే. వెనక్కి వెళ్లాలి, కాసేపు కూర్చోవాలి, మంచినీళ్లు తాగాలి, మళ్లీ బయలుదేరాలి. మా గది ఆఖరి అంతస్తులో. వాడు ఎక్కాడు, కూర్చున్నాడు, తాగాడు, దిగాడు. సెంటర్ చేరేసరికి గేటు మూసేశారు. నిమిషం ఆలస్యమైనా రానివ్వరని తెలిసిందే కదా.

సాయంత్రం మెట్ల మీద సభ జరిగింది.

"ఒక్క ముక్క వదలకుండ చదివిన. గా పిల్లి నా జిందగీకే అడ్డమొచ్చింది," అన్నాడు రూమ్మేట్.

"పిల్లి గేటు మూయలేదుర బై," అన్నాను. "నువ్వు మంచినీళ్లు మెల్లగ తాగినవ్."

"నీకు మజాకా లెక్కనే ఉంటది అన్నీ!"

అక్క కొట్టులోంచే అరిచింది. "ఏందయ్యా సారూ, దానికి దూపైతే నీళ్లకు పోయింది. పోయేముందు నీ హాల్‌టికెట్ చూసి పోవాల్నా?"

నిజం చెప్పాలంటే ఆ పిల్లి రోజంతా లేచేదే తక్కువ. దాని ముందు నుంచి మేమే రోజుకు వంద సార్లు దాటేవాళ్లం. శకునాల లెక్క అటునుంచి కూడా చూస్తే అది పాపం రోజూ వెనక్కి వెళ్లి కూర్చుంటూనే ఉండాలి. ఈ మాట సభలో అన్నాను. ఎవరూ నవ్వలేదు. ఆ పిల్లి ఉంటే గదులు ఖాళీ చేస్తామన్నారు పై అంతస్తులవాళ్లు.

దాంతో ఇంటి యజమాని వచ్చారు. వాళ్ల నాన్నగారు ఎప్పుడో కాకినాడ నుంచి ఉద్యోగానికి వచ్చి ఇక్కడే స్థిరపడ్డారు. ఆయన గొంతు పెంచరు, పాపం, తీర్పు మాత్రం ఇచ్చేస్తారు.

"చూడమ్మా, కుర్రాళ్లు వెళ్లిపోతామంటున్నారు. వచ్చే పరీక్షలోపు ఆ పిల్లినైనా పంపించెయ్, కొట్టైనా ఖాళీ చెయ్. నువ్వే ఆలోచించుకో."

"పిల్లి పోతే ఎలుకలొస్తయ్ సార్. ఎలుకలు కొరికిన పప్పు ఎవరు కొంటరు? అప్పుడు కొట్టు నేనే మూసుకోవాలె. ఎట్ల తిప్పినా పోయేది నేనేనా?"

ఆయన, "నువ్వే ఆలోచించుకో," అని మళ్లీ మెత్తగా చెప్పి వెళ్లిపోయారు. మంచివాళ్లకు అదో సౌకర్యం.

అక్క తమ్ముడికి నారాయణగూడలో పిండి గిర్ని ఉంది. పిల్లిని అక్కడ దింపిరావాలని నిర్ణయమైంది. అక్క ఒక బిస్కెట్ల అట్టపెట్టెకు చిల్లులు పొడిచి, పిల్లిని అందులో కూర్చోబెట్టింది. నేను తోడు వెళ్లాను. పెట్టె కదలడం చూసి ఆటో అన్న అడిగాడు.

"ఏమున్నదక్కా డబ్బాల?"

"పిల్లి."

ఆయన పెట్టె చిల్లుల్లోంచి తొంగి చూశాడు. "ఎదురొస్తెనే కద చెడ్డది. బండెక్కితే ఏం కాదు," అని గేరు వేశాడు. ఆ వారంలో నేను విన్న తెలివైన మాట అదొక్కటే.

గిర్ని దగ్గర పెట్టె దించి, అక్క దాని తల నిమిరి, "జర ఓపిక పట్టు," అంది. పిల్లి అప్పటికే తవుడు సంచి ఎక్కి నిద్రపోయింది. కన్నీళ్లకు అవకాశమే ఇవ్వలేదు.

తర్వాతి పరీక్ష రోజు మేమంతా ధైర్యంగా దిగాం. కొట్టు ముందు పిల్లి లేదు. కానీ బియ్యం బస్తా వెనకనుంచి ఒక ఎలుక బయటకొచ్చి, మా రూమ్మేట్ ముందు నుంచి నింపాదిగా రోడ్డు దాటింది.

వాడు చెప్పులు విడిచి దండం పెట్టాడు. "వినాయకుని వాహనం! విఘ్నాలన్నీ పోయినట్లే!"

"అది ఎలుక కాదు, పందికొక్కు," అన్నాను.

"గణపతి బరువుకు గదే కావాలె!"

వెనకున్నవాళ్లు కూడా వరసగా దండాలు పెట్టుకున్నారు. ఆ రోజు అందరూ వేళకే సెంటర్‌కి చేరారు. ఇంకేం కావాలి? ఎలుక శుభశకునమని తేలిపోయింది. పిల్లి ఇక ఎప్పటికీ రాకూడదని మళ్లీ సభ తీర్మానించింది. యజమానిగారు కిందికి వచ్చి, "ఇంక దాన్ని తేకమ్మా," అని చెప్పి వెళ్లారు.

అక్క పప్పులూ పిండీ గుడ్డసంచుల్లో కట్టి పైకప్పు కొక్కేలకు వేలాడదీసింది. కొట్టు గబ్బిలాల గుహలా తయారైంది. ఏదడిగినా ఆమె స్టూలెక్కాలి. కొనేవాళ్లు ఒకరొకరే పక్కవీధి కొట్టుకు మళ్లారు. అయినా పొద్దున్నే ఆ నీళ్ల గిన్నె కడిగి నింపేది. ఎవరికని ఒకసారి అడిగాను.

"ఎలుకలకు దూప కాదా?" అని కసిరి, అటు తిరిగిపోయింది. నాకు వేయడానికి జోకు దొరకలేదు. మామూలుగా దొరుకుతుంది.

పప్పు అందకపోయేసరికి ఎలుకలు మెట్లెక్కాయి. సరిగ్గా అప్పుడే మా రూమ్మేట్‌కి ఇంటి నుంచి సకినాల డబ్బా వచ్చింది. మూత సరిగ్గా పెట్టలేదు. పొద్దున చూస్తే డబ్బాలో కొన్ని నువ్వులు మిగిలాయి.

వాడు డబ్బా ఒళ్లో పెట్టుకుని చాలాసేపు కూర్చున్నాడు. మిగిలిన నువ్వులు ఒక్కొక్కటే ఏరి లెక్కపెట్టాడు. "వినాయకుని వాహనమైతే ఉండ్రాళ్లు తినాలె గని," అన్నాడు చివరికి, "సకినాలు తింటదారా?"

ఆ మధ్యాహ్నమే అక్కను బతిమాలి వెంటబెట్టుకుని, నన్ను లాక్కుని నారాయణగూడ బయలుదేరాడు. గిర్నిలో పిండి ఎగురుతోంది. సంచి మీద తెల్లటి పిల్లి ఒకటి పడుకుని ఉంది.

"ఇది మనది కాదు. మనది నల్లది," అన్నాడు రూమ్మేట్.

"ఇంకో గంట గిక్కడ నిలబడు, నువ్వు గూడ తెల్లగైతవ్," అన్నాడు అక్క తమ్ముడు. పిల్లి లేచి ఒళ్లు దులుపుకుంది. లోపల నలుపు కనిపించింది. "అయినా ఇయ్య. ఇది వచ్చినంక నా గిర్నిల ఒక్క ఎలుక లేదు."

"రాఖీ కట్టిననాడు ఏమడిగినా ఇస్తనంటివి కద," అంది అక్క. "పిల్లినియ్యి."

అతను తల గోక్కున్నాడు. "చీర అడుగుతవనుకున్న," అని పెట్టె తెచ్చాడు.

పెట్టె మా రూమ్మేటే ఒళ్లో పెట్టుకుని మోశాడు. ఇంటికి రాగానే యజమానిగారిని కూడా తనే పిలుచుకొచ్చాడు.

"సార్, పిల్లి ఉండాలె. లేకుంటే మేం ఖాళీ చేస్తం."

ఆయన పెట్టె వంకా, వాడి వంకా చూశారు. "మరి పరీక్ష రోజు ఎదురొస్తే ఏం చేస్తారయ్యా?"

అందరూ ఆలోచనలో పడ్డారు. ఆ రోజులకు తాడుతో కట్టేద్దామన్నారొకరు. కళ్లు మూసుకుని దిగుదామన్నారు ఇంకొకరు. నీళ్ల గిన్నె బస్తా మీదే పెడదామన్నాను నేను. అప్పుడు ఎలుకలకు ఎదురెళ్లే పని కూడా మానేస్తుందని అక్క తోసిపుచ్చింది. ఆమె పెట్టెను గట్టిగా పట్టుకునే ఉంది.

"అసలు మీరంతా ముందు నుంచే ఎందుకు పోతారూ?" అన్నారు యజమానిగారు. "మెట్ల వెనక ఇంకో గేటు ఉందిగా. ఆ నీళ్ల డ్రమ్ము జరిపితే చాలు."

అందరం మెట్ల వెనక్కి తొంగి చూశాం.

"మరి ఇన్నాళ్లు చెప్పలేదేంది సార్?" అడిగింది అక్క.

"ఎవరూ అడగలేదుగా."

"అయితే పిల్లి ఉంటది కద ఇగ?"

"ఉండనీ అమ్మా."

అక్క పెట్టె తెరిచింది. పిల్లి బస్తా ఎక్కింది. బస్తాకు కొంచెం గోధుమపిండి అంటింది. మేం వెళ్లి డ్రమ్ము జరిపాం. గేటు గడియ తుప్పు పట్టి బిగుసుకుపోయి ఉంది. పరీక్ష రోజు అటునుంచి పోవాలంటే కాస్త కొబ్బరినూనె వేసి, పైకెత్తి, ఎడమవైపుకు లాగాలి.